చూడ్డానికి వచ్చినవాళ్లు

సముద్రం వెంబడి పాతకాలపు కట్టడాలు చూసుకుంటూ కారులో వస్తున్న వాణి, మైపాడు దాటాక ఒక తాటాకు ఇంటి ముందు ఆగింది. వాకిట్లో పేరమ్మ వల అల్లుతోంది.

“ఎంత బాగుందండీ! ఈ ఇంటిని ఎప్పటికీ మార్చొద్దు,” అంది వాణి, ఫొటో తీస్తూ.

“మార్చనీరమ్మా. వానకి కారతా ఉండాది, రేకులేద్దామన్నా టూరు కంపెనీ వాళ్లు ఒప్పుకోరు. కార్లొచ్చినప్పుడు నేను ఇట్టే వల అల్లతా కూచోవాలంట. మా ఆయన వాళ్లకి మాటిచ్చేసినాడు.”

వాణి కారు వైపు వెనుదిరిగింది. పేరమ్మ వెంటే వచ్చి కారెక్కింది.

“ఎక్కడికండీ?”

“మీరు చూసేదానికి పోతా ఉండారు గదా. నేనూ చూడాల.”

వాణి తాళం తిప్పింది. అంతలో ఎదురుగా ఇంకో కారు వచ్చి ఆగింది.

పేరమ్మ దిగిపోయి, కొత్తవాళ్ల వైపు నవ్వుతూ వాకిట్లో కూర్చుంది.