ఊరికే

"కదలకూడదు డాక్టర్ గారూ. తల అస్సలు కదలకూడదు."

"ఆ సూచనలు రాసిందే నేను కదమ్మా," అంటూ పెద్ద డాక్టరు స్కానింగ్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.

మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు మెదడు ఏం చేస్తుంది, దిగులు జబ్బు ఉన్నవాళ్లలో అది ఎలా మారుతుంది, ఇదీ ఆయన కొత్త పరిశోధన. రోగుల్ని పిలిచే ముందు అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మొదట తనే పడుకుంటున్నాడు.

స్కాన్ తీసే టెక్నీషియన్ ఆయన తలకి అటూ ఇటూ మెత్తలు దోపింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతిలో రబ్బరు బంతి ఉంచింది.

"భరించలేకపోతే నొక్కండి. ఆపేస్తాను."

తన చెల్లెలు చనిపోయాక ఆమె ఆయనతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

గాజు పలక ఇవతల, ఆ వారమే చేరిన నర్సు కిసుక్కున నవ్వింది. "ఆయన బుర్ర ఊరికే ఉంటుందంటావా? నిద్రలో కూడా పాఠం చెప్పే రకం."

"కాదు, గురక పెట్టే రకం."

నర్సు ఇంకా నవ్వుకుంటూ టీ తాగడానికి వెళ్లింది. ఆమె మైకు దగ్గరికి జరిగింది.

"పైన అద్దంలో ప్లస్ గుర్తు కనిపిస్తోందా? దాన్నే చూస్తూ ఉండండి. దేని గురించీ ఆలోచించకండి." కాస్త ఆగింది. "ముఖ్యంగా మా చెల్లి గురించి."



"ఇప్పుడెందుకమ్మా అది?"

"పక్క మీంచి లేవలేకపోతున్నానని అదంటే నటన అన్నారు. ఊరికే ఏడుస్తోంది, పట్టించుకోవద్దన్నారు. అమ్మ నమ్మింది. అంత పెద్ద డాక్టరు మాట ఎలా కాదంటుంది?"

"అమ్మా..."

"ఊరికే పడుకోండి."

యంత్రం దడదడలాడింది. తెర మీద తల కదలికలు చూపే గీత కాసేపు తిన్నగా నడిచింది. తర్వాత సన్నగా వణికింది. ఆపైన ఎగిరెగిరి పడింది. ఏడ్చే మనిషి తల ఎన్ని మెత్తలు పెట్టినా నిలవదు. ఆమె రెప్ప వేయకుండా చూసింది. ఇన్నాళ్లుగా మండుతున్న కోపం చల్లారుతుందనుకుంది. ఇంకాస్త ఎగసింది.

ఆయన బంతి నొక్కలేదు. చివరికి ఆమే ఆపింది.

"కదిలారు. ఈ స్కాన్ పనికిరాదు."

"తెలుసు."

"ఏం, నటిస్తున్నారా?"

"లేదమ్మా."

"పోనీ, ఊరికే ఏడుస్తున్నారా?"

"పిల్ల నటించలేదు. నాకు అప్పుడే తెలుసు. నలుగురికీ తెలిస్తే నా పేరు ఏమవుతుందోనని..."

ఆ ఒక్క మాట ఆయన నోటి వెంట వినాలనే ఆమె ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టుకుని ఈ గదిలో పనిచేసింది. తీరా విన్నాక చాలదనిపించింది.

"ఇంక నన్ను బయటికి తియ్యమ్మా," అన్నాడాయన.

ఆమె చెయ్యి మళ్లీ మీట మీదికి వెళ్లింది.

"మళ్లీ మొదటి నుంచి, నాన్నా."