ఒకటి తక్కువ

"కడుపు కుట్టెయ్యకండి సార్. రక్తనాళాలు పట్టే ఫోర్సెప్స్ పన్నెండు ఇచ్చాను, పదకొండే వచ్చాయి."

"కాకిలెక్కలు చెప్పకు సిస్టర్! సూదియ్యి," అని అరిచాను. ఈ థియేటర్లో సర్జన్ని నేనా, తనా?

ఆమె సూదీ దారం ఉన్న ట్రేని వెనక్కి లాక్కుంది. "దొరికేదాకా ఇవ్వను."

పళ్ళు నూరుకుంటూ రోగి పేగుల వెనక చెయ్యి పెట్టాను. వేళ్ళకి ఇనుము తగిలింది. బయటికి తీసి ఆమె ట్రేలో పెట్టాను.

"పన్నెండు," అంది.

కుట్లు పూర్తయ్యాక, చేతులు కడుక్కుంటూ, "క్షమించు సిస్టర్. నువ్వు మొండికెయ్యబట్టి ఆ మనిషి బతికిపోయాడు," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "నన్ను మెచ్చుకోకండి సార్. పోయిన నెలా ఒకటి తగ్గింది. మీరు ఇలాగే అరిస్తే భయపడి, లెక్క సరిపోయిందని రాసేశాను. స్టోరు నుంచి ఇంకోటి తెచ్చి సెట్టులో కలిపేశాను."

నా చేతుల మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"ఎవరి ఆపరేషన్?"

"ఇంకా కడుపులో పొడుస్తోందని పొద్దున వచ్చాడే, ఆ టైలరుది. 'అంతా నీ భ్రమ, పోవయ్యా' అని పంపేశారు కదా సార్."