పడిపోని మిషన్

"పడిపోవే మంగీ! పడిపో!" తెర పక్కనుంచి పళ్లు కొరికాను.

బస్తర్ ఇనప గనుల ఊరు కిరందుల్లో, రైల్వే కాలనీలో పుట్టి పెరుగుతున్న మన తెలుగు పిల్లలకి ఈ కొండవాళ్ల ఆటపాటలు తెలియాలని నేనే రాసి, నేనే నేర్పిన నృత్యనాటకం అది. పిల్లలు చేతులు పట్టుకుని కొండ చుట్టూ ఆడతారు. ఆ ఆట ధాటికి కొండను తవ్వే మిషన్ కూలిపోతుంది. మిషన్ వేషం ఎనిమిదేళ్ల మంగిది. నాటకం మొత్తంలో ఆదివాసీ పిల్ల అదొక్కతే. ఆ వేషం తనే కావాలని అడిగితే మురిసిపోయాను కూడా.

"సార్, ఇంకెన్ని సుట్లు తిరగాల?" అని ఒక బుడతడు స్టేజీ మీంచే అరిచాడు. మంగి మాత్రం అట్టపెట్టె తగిలించుకుని గుంజలా నిలబడింది.

ముందు వరసలో గని ఆఫీసర్లు పగలబడి నవ్వారు. "అరే, మిషన్ బడా మజ్‌బూత్ హై!" అన్నాడొకడు, మిషన్ మహా గట్టిదేనని. నా ఒళ్లు మండిపోయింది.

తెర దింపించి మంగి జబ్బ పట్టుకున్నాను. "ఎవడే నీకు చాక్లెట్టిచ్చి కొనీసినాడు? మీ వాళ్లు గెలవడం నీకే ఇష్టం లేదేటి?"

మంగి చెయ్యి విదిలించుకుంది.

"మా కొండకు మిషన్ ఒచ్చిన నాడు ఊరోళ్లంత దాని ముందల మూడు దినాలు ఆడిండ్రు సారూ. నేను గూడ ఆడిన. అది పడలే. పడుతదని నీకెవరు జెప్పిండ్రు?"