ఒక కిట్టు మిగిలింది

"ఇది తాగాలా, తలకి రాసుకోవాలా?" గ్లాసులో తెల్లగా, చిక్కగా ఉన్నదాన్ని చూసి అడిగింది కోటేశ్వరమ్మ.

"తాగాలి పిన్నిగారూ. మొత్తం కొవ్వే. మధ్యలో ఆపకుండా తాగెయ్యండి" అంది నర్సు జమీలా.

నరసరావుపేటలో ఓ కల్యాణ మండపం. షుగరు మీద పరిశోధన శిబిరం. పొద్దున ఏడింటికి, పరగడుపున ఈ గ్లాసు తాగాలి. నాలుగు గంటలు కూర్చుని గంటకోసారి రక్తం ఇవ్వాలి. మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు.

"ఎందుకమ్మా ఇదంతా?"

"అన్నం తింటే చానామందికి ఇన్సులిన్ ఊరుతుంది. నూనె, నెయ్యి తింటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు పిన్నిగారూ. ఒళ్లు కొవ్వును ఎట్టా వాడుకోవాలో పుట్టుకతోనే జీన్సులో రాసుంటుంది. కొవ్వు తిన్నా కొందరికి బాగా ఊరుతుంది, కొందరికి ఊరదు. మీరు ఏ రకమో చూద్దాం."

కోటేశ్వరమ్మకి అర్థమైంది ఒక్కటే. తను మంచి రకమైతే నూనె ఇంటికి తిరిగొస్తుంది.

ఆరేళ్లుగా ఆవిడ కూరలో నూనె కంటిమందులా చుక్కల లెక్కన పడుతోంది. కోడలు రోహిణి వంకాయని ఉడకబెట్టి, ఉప్పు చల్లి, దాన్ని కూర అని పిలుస్తోంది. మొగుడు పుల్లారావు "నీ ఆరోగ్యం కోసమేగా" అని ఓదార్చి, పక్క గదిలోకి పోయి మిరపకాయ బజ్జీలు తింటున్నాడు.

గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

పక్క కుర్చీలో ఒక సన్నటి పెద్దమనిషి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు తాగలేదే అన్నయ్యగారూ?"

"నాది పదకొండింటి బ్యాచ్ అక్కయ్యగారూ. సత్తెనపల్లి నుంచి మొదటి బస్సుకే వచ్చేశా."

"ఎన్నేళ్లుగా షుగరు?"

"పద్నాలుగు."

"మరి నూనె?"

"వద్దన్నారు, మానేశా. ఒక్క చుక్కతో ఆగే నాలిక కాదు నాది. అందుకని ఆ చుక్కా వేసుకోను."

ఇంత తీరిగ్గా వినే మనిషి దొరికాక కోటేశ్వరమ్మని ఆపేదెవరు?

"నాలుగేళ్ల కిందట మా చెల్లెలి కూతురు నందిని పెళ్లి మీ సత్తెనపల్లిలోనే. గుత్తొంకాయ పెట్టారు. మా కోడలు అటు తిరిగినప్పుడు రెండు మింగా."

"ఎట్టా ఉంది?" ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎట్టా ఉందేంది! వేలు ఆనిస్తే విడిపోయింది. ముందు చింతపండు పులుపు తగిలింది. ఆ వెనకే నువ్వుల కమ్మదనం. కారం మాత్రం అప్పుడే రాలా. మింగేసి, ఇంక లేదులే అనుకున్నాక, గొంతులోకి మెల్లగా వచ్చి కూర్చుంది. విస్తట్లో మిగిలిన నూనెలో నా మొహం కనపడింది."

"నువ్వులు కాస్త ఎక్కువయ్యాయని అనిపించలేదా?"

"ఇంకో గింజ తగ్గినా నేను ఒప్పుకోను!"

ఆయన కళ్లు మూసుకున్నాడు. పాపం, నిద్రేమో అనుకుంది కోటేశ్వరమ్మ.

"అట్టాంటిది మీరెప్పుడన్నా తిన్నారా?"

"లేదక్కయ్యగారూ."

"చానా పోగొట్టుకున్నారు."

వంకాయని అంతసేపు తలుచుకుంటే ఆకలి ఊరుకుంటుందా? పది దాటాక కోటేశ్వరమ్మ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. కర్చీఫులో జంతికలున్నాయి. పైట అడ్డం పెట్టుకుని ఒకటి కొరికింది.

కరకర.

"అమ్మా జమీలా, అక్కయ్యగారు జంతిక తిన్నారు" అన్నాడు పెద్దమనిషి.

"అది నీ జంతికా?" కోటేశ్వరమ్మ లేచి నిలబడింది. "ఏందయ్యా నీ బాధ? మూడు గంటలు నా కబుర్లన్నీ విని, నా మీదే చాడీలా?"

"తప్పుడు రిపోర్టు వస్తే నష్టం మీకేగా అక్కయ్యగారూ."

జమీలా నుదురు కొట్టుకుంది. "కడుపులో పిండి పడ్డాక ఇంక కొవ్వు పరీక్ష ఎక్కడిది? మళ్లీ చేద్దామన్నా వచ్చినవి నలభై కిట్లు. నలభైకీ పేర్లున్నాయి."

బతికినన్నాళ్లూ ఉడికిన వంకాయే. కోటేశ్వరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోతూ పోతూ ఆయనకేసి చూసి, "చల్లబడిందా కడుపు?" అంది.

ఆయన నవ్వాడు.

సాయంత్రం జమీలా ఫోను చేసింది.

"రేపు పరగడుపున వచ్చెయ్యండి పిన్నిగారూ. ఒక కిట్టు మిగిలింది. హ్యాండ్‌బ్యాగు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

మర్నాడు నాలుగు గంటలూ రోహిణి పక్కన కూర్చుని కాపలా కాసింది.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది.

"కొవ్వుకి మీ ఒంట్లో ఇన్సులిన్ బానే ఊరుతోంది పిన్నిగారూ. అన్నం దగ్గరే మొరాయిస్తోంది" అంది జమీలా. "అన్నం సగం చెయ్యమన్నారు డాక్టరుగారు. కూరలో నూనె మితంగా అయితే పర్లేదన్నారు."

"మితమంటే? తేలచ్చా?"

"తేలకూడదు. కనపడచ్చు."

కోటేశ్వరమ్మ రిపోర్టుని కళ్లకద్దుకుంది.

"ఆ చాడీల మనిషి నంబరుందా? ఇది మొహాన చూపించాలి. ఇంతకీ ఆయన ఏ రకం అని తేలింది?"

"తేల్లేదు. ఆయన పరీక్షే చేయించుకోలా. మీకు వాడిన కిట్టు ఆయనదే. మళ్లీ కిట్లు ఎప్పుడొస్తాయో మాకూ తెలీదు."

కోటేశ్వరమ్మ చేతిలో రిపోర్టు కిందికి దిగింది.

"అంత దూరం నుంచి వచ్చి నాకెందుకిచ్చాడే?"

"నేనూ అడిగా. తెలుసుకోవాల్సింది అక్కయ్యగారి నోటెంట వినేశాలే అన్నారు."

"నేనేం చెప్పాను, వంకాయ గురించి తప్ప? ఎవరే ఆయన?"

"కొండలుగారని, సత్తెనపల్లిలో పెళ్లివంటల మేస్త్రి, మీ నందిని పెళ్లిలో గుత్తొంకాయ వండింది ఆయనే పిన్నిగారూ, ఆ కూర ఎట్టా ఉంటదో మీరు చెప్పేదాకా ఆయనకే తెలీదంట."