ఆగిన ఇంజన్‌లో ఈల

షెడ్డులో పనివాళ్లంతా వెళ్లిపోయారు. మెకానిక్ గుంటలోకి దిగి, అక్క నడిపే టాక్సీ కింద నిలబడి డ్రెయిన్ బోల్టు విప్పాడు. పాత ఆయిల్ టబ్బులోకి ధారగా పడుతోంది. ఫోన్ స్పీకర్లో అక్క సతాయిస్తోంది.

"చవకరకం పోశావో, నీ వీపు విమానం మోత మోగిపోతుంది!"

"టర్బో బండికి చవకరకం పోసి నీ పొట్ట కొడతానా? సింథటికే తెచ్చాలే అక్కా."

అక్క నవ్వింది. ధార చుక్కలై ఆగిపోయింది. అప్పుడు అతని తలపైన ఈల మొదలైంది. అది ఇంజన్ నడిస్తేనే తిరిగే టర్బో చప్పుడు. ఇంజన్ మాత్రం ఆగే ఉంది.

"ఒరేయ్, ఆయిల్ లేకుండా స్టార్ట్ చేశావేంట్రా? టర్బో కాలిపోతుంది! నా బతుకంతా ఆ బండి మీదేరా, ఆపు!"

"తాళం నా జేబులోనే ఉందక్కా."



"బండి పోతే పోయింది. ముందు నువ్వు పైకి రారా."

అతను మెట్టు మీద కాలు పెట్టాడు. ఈల ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు కాలేదు. ఎవరో ఎక్కి కూర్చున్నట్టు వెనక స్ప్రింగులు కుంగాయి. కాసేపటికి డ్రైవరు సీటు వైపుదీ కుంగింది.