అస్తరు

శుక్రవారం పొద్దున మెస్ తలుపు మీద మళ్ళీ కాయితం అంటించి ఉంది.

చేతిరాత. ఎర్ర ఇంకు. తెలుగు. ఎవడు రాస్తున్నాడో క్యాంపులో ఎవరికీ తెలీదు.

"ఏం రాసినాడప్పా? కొంచెం చదువు," అన్నాడు ఖాదర్‌వలి, భూమేశ్ వెనకాలే వచ్చి నిలబడి.

ఖాదర్‌వలిది కడప పక్క. గల్ఫ్‌లో, మబేలా అనే ఊళ్ళో ఆ లేబర్ క్యాంపుకు దర్జీ. చిరిగిన డ్యూటీ బట్టలు కుట్టడం అతని పని. అరవైకి దగ్గర పడ్డాడు. ఏ కాయితం మీదైనా వేలిముద్రే వేస్తాడు.

"ప్రతి శుక్రారం నీకు చదివిపెట్టుడే నాకు ఇంకో డ్యూటీ అయింది చాచా," అని విసుక్కున్నాడు భూమేశ్.

"గట్టిగా చదువప్పా. చెవులు గూడా సరిగ్గా లేవు నాకు."

భూమేశ్ గొంతెత్తి చదివాడు. పళ్ళేల ముందు కూర్చున్నవాళ్ళు నమలడం ఆపి విన్నారు. వాళ్ళలో సగం మందికి చదవడం రాదు.

'సుమారు రెండు వందల ఏళ్ళ కిందట అమెరికాలో నల్లవాళ్ళు సొంతంగా పత్రికలు అచ్చేశారు. బానిసకు చదువు చెబితే శిక్ష వేసే రాష్ట్రాలు ఉండేవి. అందుకని ఒకడు చదివితే పదిమంది వినేవాళ్ళు. పాత బట్టలమ్మే నల్లాయన ఒకడు బానిసత్వం మీద చిన్న పుస్తకం అచ్చేశాడు. దక్షిణాదిలో దొరలకు అది కనబడితే వణుకు. ఇక మన సంగతి. పాస్‌పోర్టు మనిషిది. నువ్వు ఒప్పుకుని రాసివ్వకుండా కంపెనీ దాన్ని దాచుకోకూడదు. లేబర్ ఆఫీసుకు పోయి అడుగు.'

"నడుమ ఒక ముక్క వదిలేసినట్టుండావే," అన్నాడు ఖాదర్‌వలి.

"నీకెట్ల ఎరుక?"

"ఆ పుస్తకం అంత దూరం ఎట్లా పోయిందో చెప్పకుండా ఎవడన్నా రాస్తాడా?"

భూమేశ్ మళ్ళీ చూశాడు. నిజమే. ఒక వరుస దాటేశాడు.

'ఓడల మీద పనిచేసేవాళ్ళు తొడుక్కునే కోటు లోపల, అస్తరు గుడ్డ కింద పెట్టి కుట్టి పంపాడని చెప్పుకుంటారు.'

"అరె, దర్జీ పని!" అని పళ్ళెం మీద చరిచాడు పక్క రూమ్ పెద్దులు. "చూసినవా చాచా! ఆయన కుట్టి దొరలను వణికిచ్చిండు. నువ్వు నా లాగుకు గుండి కుట్టనీకి నాలుగు దినాలు తీస్కుంటివి."

మెస్ మెస్సంతా నవ్వింది. ఖాదర్‌వలి కూడా నవ్వాడు.

ఆదివారం పదకొండు మంది లేబర్ ఆఫీసుకు పోయారు. పెద్దులు కూడా పోయాడు.

భూమేశ్ పోలేదు. భార్య సింధూజ జగిత్యాలలో ఆస్పత్రి మంచం మీద ఉంది. ఎనిమిదో నెల, బీపీ దిగడం లేదు. సెలవు మూడుసార్లు అడిగాడు. సైట్ పని అయ్యాక చూద్దామన్నారు. ఇప్పుడు ఆఫీసుకు పోతే ఆ చూద్దాం కూడా ఉండదని అతని భయం.

సోమవారం క్యాంప్ బాస్ ఓంకార్ పిలిపించాడు. సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. భూమేశ్‌దే.

"పెండ్లాం ఆస్పత్రిల ఉన్నదట గద?"

"అవును సార్. శనివారం ఆపరేషన్ అంటున్నరు."

"శుక్రారం రాత్రికి టికెట్ పెడ్త. ఆ కాయితం రాసేటోని పేరు చెప్పు."

"నాకెరుక లేదు సార్."

"గొంతు చించుకొని చదివేటోనివి నువ్వే. రాసేటోనివి గూడ నువ్వే అనుకోవాల్నా?"

భూమేశ్ పాస్‌పోర్టు అట్టనే చూస్తూ నిలబడ్డాడు. చదువు వచ్చినవాడి పేరు చెబితే వాడి బతుకు పోతుంది. అదే చదువు రానివాడైతే? పిలుస్తారు. కాయితం చేతిలో పెడతారు. తలకిందులుగా పట్టుకుంటాడు. నవ్వి పంపేస్తారు. ఎవరికీ ఏమీ కాదు.

"దర్జీ ఖాదర్‌వలి," అన్నాడు.

"ఆ వేలిముద్రగాడా?" ఓంకార్ నవ్వుతూనే పాస్‌పోర్టు ముందుకు తోశాడు. "సరే, పిలిచి అడుగుత."

సాయంత్రం ఖాదర్‌వలి ఆఫీసులోకి పోయి పది నిమిషాల్లో బయటికొచ్చాడు. భూమేశ్ వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు.

"ఏమన్నరు చాచా?"

"బుధవారం పంపించేస్తారంట. ఇంటికి."

"నీకు చదువు రాదని చెప్పకపోతివా?"

"చెప్తే ఇంకొకర్ని పిలుస్తారు గదప్పా."

భూమేశ్ తల వంచుకున్నాడు.

"నీ బ్యాగు జిప్పు పాడైందంటివే," అన్నాడు ముసలాయన. "ఇట్లియ్యి. పోయేలోపల కుట్టిపెడతా."

బుధవారం కంపెనీ వ్యాన్ అతన్ని తీసుకుపోయింది. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ లేరు. అందరూ డ్యూటీలో ఉన్నారు.

శుక్రవారం మెస్ తలుపు ఖాళీ.

"రాసేటోడు జడుసుకున్నడు," అన్నాడు పెద్దులు. "ఏం తెల్వని ముసలోడు పాయె. అసలోడు ఈడనే మనతోటి తింటున్నడు, సిగ్గులేకుండ."

భూమేశ్ పళ్ళెం అక్కడే వదిలి రూమ్‌కు పోయాడు. బట్టలు సర్దుకున్నాడు. పాస్‌పోర్టు భద్రంగా పెడదామని బ్యాగు లోపలి అరలో చెయ్యి పెట్టాడు. అస్తరు గుడ్డ కింద ఏదో గరగరలాడింది.

అక్కడి కుట్టు కొత్తది. పంటితో తెంపాడు.

ఎర్ర ఇంకు. ఈ శుక్రవారం తలుపు మీద ఉండాల్సిన కాయితం.

అన్నిటికీ కింద, విడిగా, రెండు వరుసలు ఉన్నాయి: 'భూమేశప్పా, నువ్వు పోయేలోపల మెస్‌లో నిలబడి గట్టిగా చదువు, కడప దాకా వినపడాల. ఈసారి ఒక్క ముక్క గూడా వదలొద్దు.'