బంగారక్కకు చెప్పాల్సిన మాట

"రాలేనంటే ఎట్లా అయ్యా? ఈ పొద్దే బంగారక్క పోతాంది!"

జెబమలర్ ఫోనులో అరిచిన అరుపుకు మొగుడు తంగవేల్ చేతిలో టీ తొణికింది.

అవతల వాళ్ళ చర్చి ఉపదేశి. పొల్లాచ్చిలో సువార్త కూటం ముగియలేదని, వచ్చే వారం తప్పకుండా వస్తానని అంటున్నాడు. వచ్చే వారానికి పోదనూరులోని ఈ వీధిలో బంగారక్క ఉండదు. కూతురి దగ్గర ఉండిపోవడానికి ఒట్టన్‌చత్రం వెళ్ళిపోతోంది. పక్కింటి ముందు టెంపో అప్పుడే వచ్చి ఆగింది.

జెబమలర్ ఫోనును మంచం మీదికి విసిరింది.

"ఇన్నేండ్లు గోడకు ఆ పక్కనే ఉండె. యేసయ్య గురించి ఒక్క మాట ఆమె చెవిన వెయ్యలేదే. రేపు ఆయన నన్ను నిలబెట్టి అడిగితే ఏం చెప్పేది?"

"నువ్వే పోయి చెప్పు" అన్నాడు తంగవేల్. "గోడ దాటేకి ఉపదేశి ఏమిటికి?"

"నాకు చెప్పేకి రాదే!"

"వంట చేసేటప్పుడల్లా మిషనరీలకని పిడికెడు బియ్యం తీసి పెడతావు. ఆ బియ్యం వాళ్ళ కోసం ఒడిశా కొండలెక్కుతాది. నువ్వు పక్కింటి మెట్టు ఎక్కలేవా?"

"బియ్యం నోరు తెరిచి మాట్లాడే పని లేదు కదయ్యా!"

తంగవేల్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

ఆమె చిక్కు ఆమెది. ఇంట్లో, వీధిలో, కొళాయి దగ్గర మాట్లాడేది తెలుగు. కోయిలంటే వాళ్ళ చర్చి; అక్కడ పాట, ప్రార్థన, ప్రసంగం అన్నీ తమిళం. దేవుడి గురించి జెబమలర్‌కు తెలిసినవన్నీ ప్రసంగపీఠం మీంచి దిగిన పెద్ద పెద్ద తమిళ మాటలే. బంగారక్కతో ఆమె ఏనాడూ తమిళం మాట్లాడలేదు. ఇప్పుడు మొదలుపెడితే పట్టుచీర కట్టుకుని కొళాయి కింద బిందె పెట్టినట్టుంటుంది.

"పెద్ద మాటలు ఏమిటికి మలరూ? ఆయన నీకేం చేసినాడో అది చెప్పు, చాలు."

"సరి, అయితే నువ్వూ రా. ఇద్దరం చెప్దాం."

"నేనా?" తంగవేల్ లేచాడు. "అక్కావాళ్ళ బీరువా కట్టేకి తాడు కావాలంట. తెచ్చిచ్చి వస్తా." చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండానే వాకిలి దాటాడు.

జెబమలర్‌కు ఒళ్ళు మండింది. అందరూ ఇంతే. ఆదివారం లోకమంతా చాటుతామని గొంతెత్తి పాడతారు. సోమవారం పక్కింటి గడప తొక్కరు. ఆ అందరిలో తానూ ఉన్నానని తోచి ఇంకా మండింది. కొంగు దోపుకుని బయల్దేరింది.

బంగారక్క గిన్నెలు మూటగడుతోంది.

"అక్కా, ఒక మాట."

"చెప్పు."

"మనం చచ్చినాక..."

"అయ్యో! ఊరు పోయేటప్పుడు చావు మాట ఏమిటికే?"

జెబమలర్ నాలుక కరుచుకుంది. మళ్ళీ ఎత్తుకుంది.

"అది కాదక్కా. మనమంతా పాపులం కదా..."

"ఏమాయె? మీ ఆయన తాగొచ్చినాడా?"

"ఆయన కాదక్కా, నేను చెప్పేది..."

"ఒరే, ఆ మంచం కోడు ఇరిగిపోతాది! తలకిందులుగా పెట్టండ్రా!" బంగారక్క టెంపో వైపు పరుగెత్తింది.

జెబమలర్ ఖాళీ గదిలో ఒంటరిగా నిలబడింది. గోడ మీద పటాలు తీసేసిన చోట సున్నం తెల్లగా కనిపిస్తోంది. ఒక్క మాటైనా బంగారక్క ముందు ముగించలేకపోయింది. ఇంటికి పోయి తలుపేసుకుని ఏడవాలనిపించింది. ఇంత చిన్న పని చేతగాని తనకు అన్నేళ్ళ కోయిలు ఏం నేర్పిందో అర్థం కాలేదు.

బంగారక్క తిరిగి వచ్చింది. వస్తూనే సంచిలోంచి ఫ్లాస్కు తీసి లోటాలో కాఫీ పోసింది.

"పొయ్యి కూడా మూట కట్టేసినా. నువ్వు వస్తావని ఇంత పోసి పెట్టినా. తాగు."

లోటా చేతికి వెచ్చగా తగిలింది. చక్కెర తనకు సరిపడేంతే ఉంది. ఇద్దరూ బట్టల మూట మీద కూర్చున్నారు. బయట ఏదో గూడ్సు బండి చాలాసేపు పోయింది. అది పోయేదాకా మాట్లాడక్కర్లేకపోవడం జెబమలర్‌కు హాయిగా అనిపించింది.

బండి పోయాక చూస్తే బంగారక్క కొంగు కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"మలరూ, నీకొకటి చెప్పల్లని పొద్దున్నుంచీ చూస్తాండా. నోరు రాలే."

"ఏమక్కా?"

"కోపం చేసుకోవు కదా?"

"నీ మీద నాకేం కోపం? చెప్పు."

"పోయినేడు కూతుర్ని చూసేకి పోయినప్పుడు, మార్కెట్లో కూతురోళ్ళ కొట్టు పక్క కొట్టు ఆమె నాకొక మాట చెప్పె. అప్పట్నుంచీ నాకు కంటినిండా నిద్దర పడతాంది. భయం పోయింది. నీకు చెప్దామంటే, నువ్వు ఏమనుకుంటావో అని ఇన్నాళ్ళూ దాచుకుంటి. చెప్పకుండా ఊరు పోతే మాత్రం నా మనసు ఒప్పదు."

బంగారక్క దగ్గరికి జరిగి, జెబమలర్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆదివారం ఆదివారం కోయిలుకు పోతావు, అది సరే మలరూ... ఒక్కసారి ఆ యేసయ్యను నమ్మి చూడరాదా?"